సకయోంబో నెత్తురులో చక్కెర

సకయోంబో నెత్తురు చుక్క ఒకటి నేల మీద పడితే, తెల్లారేసరికి ఆ చోట తేనెపట్టు వేలాడేది. అంత తియ్యటి నెత్తురు జాంబియా మొత్తం మీద ఇంకొకరికి లేదు. సరిహద్దు దాటి అంగోలాలో వెతికినా దొరకదు.

సరే, తేనెపట్టు కాదు. చీమలు. బారులు తీరి కూడా కాదు, రెండే. ఆ రెండింట్లో ఒకటి దారి తప్పి వచ్చిందని క్లినిక్ నర్సు వాదన. రెండోది మాత్రం నిజంగా నిజం. దాని విషయంలో ఏ పుస్తకం మీద చెయ్యి వేయమన్నా వెయ్యొచ్చు. మిగిలిన కథలోనూ నిజం పాలు దాదాపు అంతే కాబట్టి, నమ్మేవాళ్లు ధైర్యంగా నమ్మవచ్చు.

మ్వినిలుంగా పట్నం నుంచి పడమటికి పోయే మట్టిరోడ్డులో, అనాస తోటలు దాటాక అతని ఊరు. కయోంబో తండ్రి కనుక సకయోంబో. భార్య కయోంబో తల్లి కనుక న్యాకయోంబో. పెద్దకొడుకు పుట్టిన రోజు నుంచి ఊరు వాళ్లను అలాగే పిలిచింది. అసలు పేర్లేమిటని అడిగితే ఇద్దరూ కాసేపు ఆలోచించుకోవాలి. అతనికి అరవై ఒకటో ఏడు. పొట్ట కాస్త ముందుకు వచ్చింది గాని, చెట్టెక్కేటప్పుడు అది అడ్డం రాదని అతని నమ్మకం. చెట్టుకి ఆ నమ్మకం ఉందో లేదో ఎవరూ అడగలేదు.

అతని ఆస్తి అంతా అడవిలో ఉంది. ముప్ఫై ఎనిమిది బెరడు గొట్టాలు. చెట్టు బెరడును గుండ్రంగా ఊడదీసి, రెండు చివర్లూ గడ్డితో మూసి, ఎత్తుగా కొమ్మల పంగల్లో కట్టేస్తే తేనెటీగలు వచ్చి వాటిలో కాపురం పెడతాయి. సగం గొట్టాలు అతని మేనమామ ఇచ్చిపోయినవి. సకయోంబో పోయాక అన్నీ కొడుక్కి కాక మేనల్లుడు చిపోయాకి వెళ్లాలి. అదీ వరస.

తేనె తీసే రోజుల్లో సకయోంబో సబ్బు ముట్టడు. ఒక్క అతనే కాదు, ఆ అడవిలో గొట్టాలు కట్టిన మగవాడెవడూ ముట్టడు. సబ్బు వాసన వేసే మనిషిని ఈగలు పరాయివాడిగా లెక్కగట్టి మూడు రోజుల దాకా పగబడతాయని అంటారు. చెట్టు దిగాక చేతులు గడ్డికి తుడుచుకోవడం, వేళ్లు నాక్కోవడం, అంతటితో సరి. నేను పెళ్లాడింది మనిషినా బంకచెట్టునా అని న్యాకయోంబో ఏడాదికోసారి అడుగుతుంది. ఏడాదికోసారి అతను నవ్వుతాడు. ఆ నెలంతా అతని చాప వేరు.

అక్టోబరులో ఒక గురువారం, వానలు ఇంకా పడని వేడిలో, అతను రెండు గొట్టాలు కోసి, తిన్నగా అడవి నుంచే క్లినిక్‌కి వచ్చాడు. న్యాకయోంబో రక్తపోటు మాత్రల కోసం అక్కడికి వచ్చి ఉంది. ఆమెను ఇంటికి తీసుకుపోదామని అతని ఉద్దేశం. క్లినిక్ నర్సు పేరు కహీలు. ఊళ్లో అందరూ సిస్టర్ అంటారు. మఠం సిస్టర్ కాదు, సూది సిస్టర్. ఇరవై ఏడేళ్ల పిల్ల, వరసకు సకయోంబోకి మనవరాలు. తాతా మనవరాళ్ల మధ్య ఏ మాటైనా చెల్లుతుంది కనుక అతను ఆమెను చిన్న పెళ్లామా అంటాడు, ఆమె అతన్ని ముసలి మొగుడా అంటుంది. న్యాకయోంబో పక్కనే కూచుని, నీకు నచ్చితే తీసుకుపోవే తల్లీ, వంట కూడా నువ్వే చేసిపెట్టు అంటుంది.

ఆ రోజు కహీలు నలభై దాటినవాళ్లందరికీ వేలు గుచ్చి చక్కెర చూస్తోంది. సకయోంబోని చూడగానే పిలిచింది. పిలవడానికి కారణం ఉంది. అంతకు ముందు ఏడాది అతని అక్కకి, అంటే చిపోయా తల్లికి, కాలి మీద చిన్న పుండు లేచింది. అది మానలేదు. చక్కెర జబ్బు అని తెలిసేసరికే ఆలస్యమైంది. మోకాలి కింద కాలు తీసేశారు. తోబుట్టువుకి ఉంటే నీకూ వచ్చే వీలుంది తాతా, పైగా ఆ పొట్టొకటి అంది కహీలు. దూది మీద స్పిరిటు వేసి వేలు తుడిచి గుచ్చింది.

యంత్రం కాసేపు ఆలోచించి, ఇరవై ఏడు పాయింటు ఎనిమిది అని చూపించింది.

అక్కడి యంత్రాలు చక్కెరను వందల్లో చెప్పవు, చిన్న అంకెల్లో చెబుతాయి. పొద్దున్నే ఖాళీ కడుపుతో ఆరు దాటకపోతే నిశ్చింత. ఏడు, ఆపైన అయితే జబ్బు. ఏ వేళప్పుడు చూసినా పదకొండు దాటితే ఆలోచించాలి. ఇక ఇరవై ఏడంటే, ఆ అంకె ఉన్న మనిషి మంచం మీద రావాలి గాని భుజాన తేనె బకెట్టుతో రాకూడదు.

కహీలు ముఖంలో నవ్వు పోయింది. దాహం ఎక్కువగా ఉందా, రాత్రిళ్లు మాటిమాటికీ లేస్తున్నావా, ఒళ్లు తగ్గిందా, చూపు మసకేసిందా అని వరసగా అడిగింది. అన్నిటికీ అతను లేదన్నాడు. రెండోసారి గుచ్చి చూద్దామంటే, యంత్రంలో పెట్టే నెత్తురు పట్టీల్లో అదే ఆఖరిది. సోమవారానికి గాని పట్నం నుంచి కొత్తవి రావు. అంచేత ఆమె అతనికి నెమ్మదిగా చెప్పింది. ఒక్క అంకె చూసి జబ్బు పేరు పెట్టకూడదు. సోమవారం పొద్దున్నే, రాత్రి నుంచి మంచినీళ్లు తప్ప ఏమీ తీసుకోకుండా రావాలి. ఈలోగా దాహం పట్టుకున్నా, వాంతులైనా, మత్తుగా ఉన్నా ఏ వేళైనా సరే వచ్చి తలుపు కొట్టాలి.

సోమవారం, మంచినీళ్లు అన్న రెండు మాటలు తప్ప సకయోంబో ఇవేవీ వినలేదు. ఇరవై ఏడు దగ్గరే అతని చెవులు మూతపడ్డాయి. అక్క కాలు అతని కళ్ల ముందు నిలబడింది. ఒంటికాలితో ఎవడూ చెట్టెక్కలేడు. మాత్రలు తీసుకుని మందులిచ్చే కిటికీ దగ్గర నుంచి తిరిగొచ్చిన న్యాకయోంబో ఏమందని అడిగితే, బాగానే ఉందంది అన్నాడు.

శుక్రవారం పొద్దున టీలో తేనె వద్దన్నాడు. నలభై ఏళ్లలో ఆ మాట అనడం అదే మొదలు. భార్య గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. మధ్యాహ్నం కర్రపెండలం పిండి ముద్దలో నాలుగు వేళ్లంత తిని లేచాడు. శనివారం మేనల్లుడు చిపోయాని వెంటబెట్టుకుని అడవికి పోయాడు.

చిపోయాకి ముప్ఫై అయిదేళ్లు, సైకిళ్లు బాగుచేసుకుంటాడు. నేల మీద ఎంత పనైనా చేస్తాడు గాని, ఎత్తు చూస్తే అతనికి కళ్లు తిరుగుతాయి. ఆ సంగతి మామకి ఎన్నడూ చెప్పలేదు. మేనమామ ఆస్తి ఇస్తానంటే కళ్లు తిరుగుతున్నాయని చెప్పే మేనల్లుడు లోకంలో ఉంటాడా? ఇక ఇవన్నీ నీవేనని సకయోంబో ఒక్కొక్క గొట్టం చూపిస్తూ దాని జాతకం చెప్పుకుంటూ పోయాడు. దీనిలో ఈగలు మంచివి. దీనిలోవి మాత్రం గయ్యాళివి, సాయంత్రం పూట వాటి జోలికి పోకు. ఇది మా మామ కట్టింది, దీన్ని ఎప్పుడూ మొత్తం కోసెయ్యకు, పిల్లలకి తిండి వదులు. చిపోయా ఒక్కో చెట్టూ ఎక్కి, కళ్లు మూసుకుని ఊఁ కొట్టి, కళ్లు మూసుకునే దిగాడు. సోమవారం కూడా ఎక్కాలని తెలిసి, ఎందుకింత తొందర మామా అని అడిగాడు. సకయోంబో ఆగలేక చెప్పేశాడు. ఎవరికీ చెప్పొద్దన్నాడు.

చిపోయా ఎవరికీ చెప్పలేదు, ఒక్క అత్తకి తప్ప.

ఆదివారం ప్రార్థన అయ్యాక ఇంటి ముందు న్యాకయోంబో వేరుశెనగలు ఒలుస్తూ కూచుంది. సకయోంబో ఎదురుగా కూచుని తనూ ఒలవడం మొదలుపెట్టాడు. తరవాత ఆమె తలెత్తకుండానే అంది.

"చచ్చిపోతున్నానని మేనల్లుడికి చెప్పుకున్నావు. కట్టుకున్నదానికి బాగానే ఉందని చెప్పావు."

"నీకు రక్తపోటు ఉంది కదే. కంగారుపడతావని."

"నాకున్న పోటంతా నువ్వే. మాత్రలకి తగ్గేది కాదు." ఒక కాయ చిట్లించి గింజలు పళ్లెంలో వేసింది. "మీ అక్క కూడా ఇలాగే చెప్పలేదు. పుండుకి గుడ్డ కట్టుకుని మూణ్ణెల్లు తిరిగింది. రేపు నేనొస్తాను నీతో. ఆ పిల్ల ఏం చెబుతుందో నా చెవులతో వింటాను. నీ చెవులు తేనెతో పూడుకుపోయాయి."

ఆమె ఒలిచిన గింజల్లోంచి గుప్పెడు తీసి అతని చేతిలో పెట్టింది. ఇవి తినచ్చో లేదో అని అతను అరచెయ్యి వంక చూస్తూ కూచున్నాడు. చివరికి ఆమే ఒక గింజ తీసి నోట్లో పెట్టింది.

సోమవారం తెల్లవారుజామునే, ఇంకా అయిదు గొట్టాలు చూపించాల్సినవి మిగిలాయని, చిపోయాని లేపి తీసుకుపోయాడు. నీళ్లు తప్ప ఏమీ నోట పెట్టలేదు. వేళ్లు సైతం నాక్కోలేదు. అంత నిష్ఠ. గొట్టం ఎలా కోయాలో చూపించాడు, పట్టు ఎక్కడ పగలగొట్టాలో చూపించాడు, చేతులు గడ్డికి తుడుచుకున్నాడు. దారిలో న్యాకయోంబో కలిసింది. ఇద్దరూ నడుచుకుంటూ క్లినిక్‌కి పోయారు.

కహీలు స్పిరిటు దూదితో ఇంకో వేలు తుడిచి గుచ్చింది. యంత్రం పంతొమ్మిది చూపించింది.

ఖాళీ కడుపుతో పంతొమ్మిది. న్యాకయోంబో బెంచీ అంచు పట్టుకుంది. కహీలు కలం తీసింది. పెద్దాసుపత్రికి చీటీ రాసి, రిజిస్టరులో సంతకం పెట్టమని కలం అతని చేతికిచ్చింది. సకయోంబో సంతకం పెట్టాడు. అందంగానే పెట్టాడు. కలం తిరిగి ఇవ్వబోతే, కలం రాలేదు. వేళ్లకి అంటుకుపోయింది. ఎడమచేత్తో లాగి బల్ల మీద పెట్టాడు. అప్పుడు రిజిస్టరు లేచింది. అరచేతికి అతుక్కుని, పేజీలన్నీ వేలాడుతూ, కోడిపుంజు రెక్కలా లేచింది. ఆ పేజీ మీద, సంతకం పక్కన, ముందే చెప్పిన ఆ రెండో చీమ.

కహీలు ఆ చీమ వంక చూసింది. అతని చెయ్యి పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది.

"తాతా, గురువారం నువ్వు ఎక్కణ్నుంచి వచ్చావు?"

"అడవి నుంచి."

"ఇవాళ?"

"అడవి నుంచే. ఎందుకే?"

ఆమె బల్ల మీద తల వాల్చింది. ఏడుస్తోందనుకుని న్యాకయోంబో ఆమె భుజం మీద చెయ్యి వేసింది. తీరా చూస్తే నవ్వుతోంది. తరవాత నవ్వు ఆపుకుని, తప్పు నీది కాదు తాతా, నాది అంది. వేలికి తేనె గాని పండ్ల రసం గాని అంటుకుని ఉంటే స్పిరిటుతో తుడిచినా పూర్తిగా పోదు. పైకొచ్చిన నెత్తురు చుక్క దాన్ని కలుపుకుంటుంది. యంత్రం తేనెని చూసి నెత్తురనుకుంటుంది. గుచ్చేముందు సబ్బుతో కడిగించి, తుడిచి ఆరబెట్టాలని తను చదువుకుంది. ఆ రోజు జనం ఎక్కువై స్పిరిటుతో సరిపెట్టింది. ఇంత చెప్పి, ఆమె లేచి బకెట్టులో నీళ్లు, సబ్బు బిళ్ల తెచ్చి అతని ముందు పెట్టింది.

సకయోంబో చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. సబ్బు ముట్టుకుంటే మూడు రోజులు ఏ గొట్టం దగ్గరకీ పోలేడు. వానలు వచ్చేలోపు కోయాల్సినవి ఇంకా పద్దెనిమిది ఉన్నాయి. వట్టి నీళ్లతో కడుక్కుంటానన్నాడు. బూడిదతో తోముకుంటానన్నాడు. ఇసకతో రుద్దుకుంటానన్నాడు. కహీలు నడుం మీద చేతులు పెట్టుకుని వింది.

"ముసలి మొగుడా, ఈగలకి నువ్వు మూడు రోజులు పరాయివాడివైతే మళ్లీ కలుపుకుంటాయి. నీకేముందో తెలీకుండా ఇంటికి పోతే, నువ్వు నీకే పరాయివాడివి. కడుగు."

న్యాకయోంబో లేచింది. భర్త రెండు చేతులూ పట్టుకుని బకెట్టులో ముంచి, చిన్నపిల్లాడికి కడిగినట్టు మోచేతుల దాకా సబ్బు పెట్టి రుద్దింది. బకెట్టులో నీళ్లు టీ రంగుకి తిరిగాయి. కహీలు శుభ్రమైన గుడ్డతో వేలు తుడిచి, గాలికి ఆరనిచ్చి, గుచ్చి, మొదటి చుక్క తుడిచేసి రెండో చుక్క పెట్టింది. ముగ్గురూ యంత్రం మీదకి వంగారు.

ఆరు పాయింటు నాలుగు.

సకయోంబోకి ఆ అంకె మంచిదో చెడ్డదో తెలియలేదు. ముందు న్యాకయోంబో ముఖం చూశాడు, ఆమె కహీలు ముఖం చూసింది. కహీలు కాగితం తీసి ఒక గీత గీసింది.

"ఇది ఊరు. ఆరు దాకా ఊళ్లో ఉన్నట్టు. ఏడు నుంచి అడవి, అది జబ్బు. నువ్వు ఊళ్లోనూ లేవు, అడవిలోనూ లేవు. పొలిమేర మీద నిలబడ్డావు."

"అటు పోతానా, ఇటు వస్తానా?"

"చాలామంది అటే పోతారు, ఎందుకంటే పొలిమేర మీద ఉన్నామని వాళ్లకి ఎవరూ చెప్పరు. నొప్పుండదు, దాహముండదు, ఏమీ తెలీదు. నీకు తెలిసింది. తెలిసినవాడు వెనక్కి రావచ్చు."

ఈసారి అతను ప్రతి మాటా విన్నాడు. న్యాకయోంబో కూడా విన్నది కనుక మరిచిపోయే ప్రమాదం లేదు. మాత్రలు ఇప్పుడే అక్కర్లేదు. టీలో తేనె మానాలి. తేనె చెట్టు మీది నుంచి వచ్చినా చక్కెర చక్కెరే. పిండి ముద్ద సగం చేసి, ఆ జాగాలో చిక్కుళ్లు, ఆకుకూర, ఎండుచేప పెట్టుకోవాలి. అనాసపండు ముక్క తినచ్చు, కాయంతా కాదు. తేనెకల్లు పండగనాడు ఒక్క కప్పు. పొట్ట తగ్గాలి. నడక మానకూడదు. ఆ విషయంలో సకయోంబోకి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. ఆరునెలలకోసారి వచ్చి చూపించుకోవాలి. ఇదొక్క అంకె చాలదు, మిషను ఆసుపత్రిలో చేతి నరం నుంచి నెత్తురు తీసి ఇంకోసారి చూడాలి అని చీటీ మార్చి రాసింది. బుధవారం అక్కడ చూస్తే ఆరు పాయింటు అయిదు వచ్చింది. అంటే కహీలు చెప్పింది సరే. పొలిమేరే.

బుధవారం సాయంత్రం ఆ కాగితం పట్టుకుని సకయోంబో క్లినిక్‌కి తిరిగొచ్చాడు. కహీలు వాకిట్లో బాలింతలకి ఏదో చెబుతోంది. అతను ఆమె ముందుకి వచ్చి, మోకాళ్లు వంచి నేల మీద కూచుని, అరచేతులు బోలుగా చేసి నెమ్మదిగా చప్పట్లు కొట్టాడు. నాయకుడి ముందు కొట్టే చప్పట్లు అవి. తాత మనవరాలికి ఎన్నడూ కొట్టడు. బాలింతలు మాటలు మానేశారు. కహీలు గాభరాపడి, లే తాతా, జనం చూస్తున్నారు అంది. అతను లేవలేదు. మూడుసార్లు పూర్తిగా కొట్టి, అప్పుడు చెప్పాడు.

"మా అక్కకి కాలు పోయాక తెలిసింది. నాకు రెండు కాళ్లూ ఉండగా తెలిసింది. ఈ రెంటికీ మధ్య తేడా నువ్వేనే. తప్పు నాదేనని ఒప్పుకున్నావు చూడు, ఆ మాటకి ఇంకో మూడు."

ఇంకో మూడు కొట్టాడు. కహీలు తనూ ఎదురుగా కూచుని చప్పట్లు కొట్టింది. ఒక బాలింత ఒళ్లో పిల్ల కూడా ఆ సద్దుకి చేతులు కలిపిందంటారు. అది నమ్మకపోయినా నష్టం లేదు.

ఇక గొట్టాల సంగతి మిగిలింది. ఇచ్చిన ఆస్తి వెనక్కి అడగడానికి సకయోంబోకి నోరు రాలేదు. చిపోయా కొట్టు ముందు సైకిలు చక్రం వంక చూస్తూ పావుగంట నిలబడి, జబ్బు లేదటరా, పొలిమేర మీద ఉన్నానట అన్నాడు. చిపోయా చేతిలో స్పానరు కింద పడేసి అతన్ని కావిలించుకున్నాడు.

"మామా, దేవుడు చల్లగా చూశాడు. ఆ ముప్ఫై ఎనిమిదీ నువ్వే తీసుకో. నీ కాళ్లు పట్టుకుంటాను, వందేళ్లు బతుకు. కళ్లు మూసుకుంటే చాలు, చెట్టు దిగలేక కేకలు పెడుతున్నట్టు కల వస్తోంది."

ఆ ఏడు సకయోంబో మూడు రోజులు ఆలస్యంగా కోశాడు. ఈగలు కుట్టాయో లేదో చెప్పడు. తేనె మాత్రం ఏనాడూ లేనంత వచ్చింది. న్యాకయోంబో తన టీలోనూ తేనె వేసుకోవడం మానేసింది. ఎందుకని అడిగితే, ఒక ఇంట్లో రెండు టీలు ఎవరు కాస్తారు అంటుంది. అక్క కర్రకాలుతో వచ్చి వాళ్లింట్లో చిక్కుళ్లు తిని, మా తమ్ముడి ఇంట్లో ఇప్పుడు రోగులకీ తిండి దొరుకుతుంది అని మెచ్చుకుని పోయింది.

ఆరునెలలు గడిచాక, ఏప్రిలులో ఒక పొద్దున, చక్కెర చూపించుకోవడానికి వచ్చినవాళ్లు క్లినిక్ బెంచీ నిండా కూచున్నారు. ఎవరూ చేతులు కడుక్కోవడం లేదు. కహీలు వాళ్లకి బుద్ధి చెప్పాలని ఈ కథంతా మొదటి నుంచి చివరి దాకా చెప్పింది. రిజిస్టరు లేవడం, గొట్టాలు అప్పగించడం, మోకాళ్ల మీద కూచోవడం, ఏదీ వదల్లేదు. అందరూ పడీపడీ నవ్వి, ఎవరా మనిషి అని అడిగారు. ఆమె బెంచీ చివర వేలు చూపించింది. అక్కడ సకయోంబో, రాత్రి నుంచి ఏమీ తినకుండా, తన వంతు కోసం కూచుని ఉన్నాడు.

అతను తలెత్తి అందరి వంకా ఒకసారి చూశాడు.

"అబద్ధం," అన్నాడు. "ఈ పిల్ల చెప్పేదంతా అబద్ధం. నేనెవరికీ గొట్టాలు అప్పగించలేదు. చావంటే భయపడలేదు. ఆడపిల్ల ముందు కూచుని చప్పట్లు కొట్టలేదు. అసలు ఈ క్లినిక్‌కి నేను రావడం ఇదే మొదటిసారి."